దూడ వాటా

"మిషను ఏమంటాండాది?"

ఈ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ రోజుల్లో పొద్దున లేస్తే చెవిలో ఇదే మాట. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల పల్లెల్లో పాల సంఘాలకు కంప్యూటర్లు బిగించడం నా పని. రెండువేల సంవత్సరం వచ్చి అప్పటికి ఎంతో కాలం కాలేదు. మా ఇల్లు చింతామణిలో. నాన్నకు పప్పులు, బెల్లం అమ్మే చిన్న అంగడి. ఆ గల్లాపెట్టె ముందు కూర్చోవడం ఇష్టం లేక బెంగళూరు వెళ్లి కంప్యూటరు రిపేరీ నేర్చుకుని వచ్చాను. నేర్చుకున్నది వైర్ల సంగతి. తీరా చేయాల్సి వచ్చింది మనుషులతో పని. దానికి నాకు ఎవరూ తర్ఫీదు ఇవ్వలేదు.

ఊరి పాల సంఘం అంటే ఒక గది, ఒక బల్ల, వరసగా అల్యూమినియం క్యాన్లు. పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట ఇంటింటి వాళ్లూ పాలు తెచ్చి పోస్తారు. అంతకు ముందు సంఘం కార్యదర్శి ఒక గాజు మీటరును పాలలో వదిలి చూసేవాడు. నీళ్లు కలిపితే మీటరు మునిగేది, కలపకపోతే నిలబడేది. ఇప్పుడు దాన్ని అటక మీద పెట్టి, నేను తెచ్చిన మిషను బల్ల మీద పెట్టారు. చిన్న సీసాలో కాసిని పాలు తీసి గొట్టం కింద పెడితే, అది గుర్రుమని పీల్చుకుని, పాలలో వెన్న ఎంత ఉందో ఎర్రటి అంకెల్లో చూపిస్తుంది. దాన్ని ఫ్యాటు అనేవాళ్లు. ఆ అంకె కంప్యూటరులోకి పోతుంది, కంప్యూటరు ఒక చీటీ కొడుతుంది. ఇంతే. ఇందులో మాట్లాడేది ఏదీ లేదు. అయినా జనం "ఎంత చూపిస్తాండాది" అని అడగరు. "ఏమంటాండాది" అనే అడుగుతారు, పెళ్లిచూపులకు వచ్చి వెళ్లిన వాళ్ల సంగతి అడిగినట్టు.

బెంగళూరులో మాకు పని నేర్పినాయన ఒక మాట పదేపదే చెప్పాడు. పల్లె జనం కొత్త యంత్రం అంటే భయపడతారు, ఓపికగా నచ్చజెప్పండి అని. ఆ ఓపికంతా మూట కట్టుకుని వెళ్లాను. నచ్చజెప్పాల్సిన అవసరం ఒక్క ఊళ్లోనూ రాలేదు. మొదటి పూట నుంచే నమ్మేశారు. ఇలా నమ్మేస్తే ఏం చేయాలో ఆయన చెప్పలేదు.

చెప్పులు గడప బయట విడిచేవారు. గొంతు తగ్గించేవారు. నిన్నటిదాకా కార్యదర్శిని "నీ చేతులు పడిపోనూ" అని తిట్టిన ముసలమ్మ, ఈ రోజు చీటీ అందుకుని కళ్లకద్దుకుని రవికెలో దోపుకుని పోయేది. చీటీ కన్నడంలో ఉంటుంది, ఆమెకు ఏ భాషా చదవడం రాదు. తెర మీద ఇసుక గడియారం బొమ్మ తిరుగుతుంటే "ఉండండప్పా, ఆలోచన చేస్తాండాది" అని ఒకరినొకరు ఊరుకోబెట్టేవారు. అది ఒకసారి కీచుమంటే మెచ్చుకున్నట్టు, రెండుసార్లు కీచుమంటే కసురుకున్నట్టు. ఆ కీచుకు అర్థం లేదని చెబితే నన్ను జాలిగా చూసేవాళ్లు. దాన్ని బిగించిన వాణ్ణి నేను. అయినా నాకే తెలియదన్నమాట.

మొదట్లో తెరను కార్యదర్శి వైపు తిప్పి పెట్టేవాణ్ణి. అందులో ఏదో దాస్తున్నారని గుసగుసలు మొదలయ్యాయి. సరే అని జనం వైపు తిప్పాను. అప్పటినుంచి దాన్ని చూసిన వాళ్లు లేరు. అది తమ వైపు తిరిగి ఉంటే చాలు, తాము చూడనక్కర్లేదు.

పాతపాళ్య వైపు ఒక ఊళ్లో జరిగింది చెబుతాను. మీగడ అడ్డం పడి గొట్టం మూసుకుపోయింది, ఒక రైతు పాలకు మిషను సున్నా చూపించింది. పాలన్నాక వెన్న సున్నా ఎట్లా ఉంటుంది? గడ్డం నెరిసిన మనిషి, పుట్టినప్పటి నుంచీ పశువుల మధ్యే బతికినవాడు, ఆ పాలు పొద్దున తన చేత్తో పిండుకొచ్చాడు. ఆ మనిషి మిషను వైపు చూడలేదు. వంగి తన క్యానులోకి తొంగి చూశాడు. పక్కన నిలబడ్డ వాడు కూడా తొంగి చూశాడు. నేను గొట్టం కడిగి మళ్లీ పెడితే మామూలు అంకె వచ్చింది. "ఇంగొక తూరి అడిగితే చెప్పె" అని ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. ఇంటికి వచ్చి అమ్మకు చెప్పి నవ్వాను. అమ్మ నవ్వలేదు. "పాపం, ఎంత దిగులు పడ్యాడో" అంది.

జనానిది తప్పని నేను అనను. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఆ వడ్డనలు చూసి చూసి విసిగిన వాళ్లు వాళ్లు. మండికల్ దాటి కొంత దూరం పోతే వచ్చే ఒక ఊళ్లో కార్యదర్శి బావమరిది పాలకు మీటరు మునిగినా నిలబడినట్టే లెక్క. ఊరంతా చూస్తూ ఉండేది, ఎవరూ ఏమీ చేయలేకపోయేవారు. నేను ఆ ఊళ్లో మిషను పెట్టిన రోజు ఒక పెద్దాయన గట్టిగా అన్నాడు: "దీనికి బావమరుదులు లేరప్పా!" అందరూ నవ్వారు. కార్యదర్శి కూడా నవ్వాడు. అతనికి లోపల హాయిగానే ఉన్నట్టుంది. ఆ రోజు నుంచి అతన్ని తిట్టేవాళ్లు లేకుండా పోయారు.

ఆ ఊరు మా చిన్నమ్మది. అమ్మకు స్వయానా చెల్లెలు.

చిన్నమ్మకు ఒకటే సీమావు, అంటే సంకర జాతి ఆవు, ఉండేది. చిన్నాయన పొద్దుగూకేదాకా మల్బరీ తోటలో ఉండే మనిషి, ఇంటి విషయాల్లో నోరు తెరవడు. ఆవు, దాని దూడ, పాలు అన్నీ చిన్నమ్మవే. ఊళ్లో ఆమెకు ఒక పేరుంది. తల్లికి పాలు పడని పసిబిడ్డ ఎవరింట ఉన్నా పాలు చిన్నమ్మ దగ్గర నుంచే పోవాలి. సాయంత్రం చిన్న గిన్నె కడిగి ఆమె గడప మీద పెట్టి వెళ్తారు. పొద్దున ఆమె పాలు పిండగానే ముందు ఆ గిన్నె నింపుతుంది, తర్వాతే సంఘానికి క్యాను. ఆ గిన్నెలకు డబ్బు తీసుకునేది కాదు. బిడ్డ నడక నేర్చాక ఎవరైనా ఒక రవికె గుడ్డ పెడితే తీసుకునేది. నేను సెలవులకు ఆ ఇంటికి పోయినప్పుడల్లా గడప మీద ఏదో ఒక గిన్నె ఉండేది. కాలు తగిలితే వీపు మీద దెబ్బ పడేది. "బిడ్డ నోటికాడి గిన్నె, కళ్లు కనపడ్లేదా?" అని.

నేను మిషను పెడుతున్నానని తెలిసి చిన్నమ్మ ఊరంతా చెప్పుకుంది. మొదటి రోజు కర్పూరం తెచ్చి వెలిగించింది, టెంకాయ కొట్టింది, మిషను నుదుటి మీద కుంకుమ పెట్టింది. మిషనుకు నుదురు ఎక్కడుంటుందో ఆమెకే తెలియాలి. సరిగ్గా అంకెలు కనిపించే అద్దం మీద పెట్టింది. నేను తుడుచుకోవాల్సి వచ్చింది. తర్వాత తన క్యాను ముందుకు జరిపి, "మావాడు పెట్టిండే మిషను, ముందు నా పాలే చూడనీ" అంది.

మూడుకు దిగువ చూపించింది.

ఆమె తర్వాత పోసిన వాళ్లందరికీ మూడున్నర, ఆ పైన. కార్యదర్శి బావమరిదికి కూడా. ఆయన ఆ రోజు నుంచే నీళ్లు మానేశాడని అందరికీ తెలుసు. భయపడి మానేశాడు, అంకె బాగా వచ్చింది. ఊరికి లెక్క తెలిసిపోయింది. నీళ్లు పోస్తే తక్కువ, పోయకపోతే ఎక్కువ. ఆ లెక్కలో చిన్నమ్మ ఎక్కడ నిలబడిందో ఎవరూ పైకి అనలేదు.

"ఏమంటాండాది నాయనా?" అని చిన్నమ్మ అడిగింది.

"కొంచెం తక్కువ చూపించింది చిన్నమ్మా. రేపు చూద్దాం" అన్నాను.

రేపూ అంతే, ఎల్లుండీ అంతే. నాకు ఆ ఊరొక్కటే కాదు కదా. బండి మీద ఊళ్లు తిరగడం, దుమ్ము పట్టిన కీబోర్డులు దులపడం, ఎలుకలు కొరికిన వైర్లు మార్చడం. వెన్ను నొప్పితో ఇంటికి చేరితే అన్నం కూడా సయించేది కాదు. చిన్నమ్మ ఫ్యాటు సంగతి నేను మరిచిపోయాను. మళ్లీ ఆ ఊరికి పోయింది యూపీఎస్ చెడిపోయిందని కబురు వస్తే.

ఆ పొద్దున కరెంటు లేదు. మిషను చల్లగా పడి ఉంది. కార్యదర్శి అటక మీద నుంచి పాత మీటరు దింపి పాలు పట్టుకుంటున్నాడు. గదిలో ఎంత గోలో! "కన్ను సరిగ్గా పెట్టి చూడు", "నీ పెండ్లాం చెల్లెలి పాలకు లేచె, నా పాలకు మునిగెనా?" అని కేకలు. అన్ని రోజులుగా మూసుకున్న నోళ్లు తెరుచుకున్నాయి. ముఖాలు వెలిగిపోతున్నాయి. నేను బ్యాటరీ మార్చాను, మిషను గుర్రుమంది, అందరూ ఒక్కసారిగా ఊరుకుని వరసలో నిలబడ్డారు. తిరగబడడం ఎట్లాగో వాళ్లకు తెలుసు. మనిషి మీదనే తెలుసు.

చిన్నమ్మ వరసలో అందరికంటే చివర నిలబడి ఉంది. ఎప్పుడూ ముందుండే మనిషి. తన వంతు వచ్చాక కొంగు తల మీదకు లాక్కుంది. మామగారు ఎదురుపడితే లాక్కున్నట్టు. నాకు అది చూడబుద్ధి కాలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె ఇంట్లో రాగి ముద్ద పెట్టింది. తాను తినకుండా ఎదురుగా కూర్చుంది.

"నాయనా, నీ మిషను నన్నేమనుకుంటాండాది?"

"అది ఏమీ అనుకోదు చిన్నమ్మా."

"మరి నా పాలనే ఎందుకు తక్కువ చేస్తాండాది? నేనేమన్నా దాన్ని ఒక మాటంటినా? కర్పూరం గూడా వెలిగిస్తినే."

"దుడ్డు ఎంత తగ్గింది? నేను ఇస్తాను" అన్నాను, ఏమనాలో తెలియక.

"దుడ్డు ఎవురికి కావల్ల?" అని కసిరింది. తర్వాత గడప వైపు చూపించింది. "అది చూడు."

గడప మీద ఏమీ లేదు. నాకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. ఎదురింటి వాళ్ల కోడలు కాన్పయి వచ్చింది. ఆమెకు పాలు చాలడం లేదని వీధికంతా తెలుసు. బిడ్డ ఏడుపు ఇక్కడికి వినిపిస్తూనే ఉంది. ఎదురింటామె, అంటే ఆ బిడ్డ నానమ్మ, గిన్నె పట్టుకుని చిన్నమ్మ గడప ముందు నుంచే వీధి చివరి ఇంటికి పోతూ ఉందట. కార్యదర్శి బావమరిది ఇంటికి.

"ఆ కోడలి మొగుణ్ణి పెంచింది నా పాలే. వాడు ఇంతుండంగా నేనే పోసినా" అంది చిన్నమ్మ. కళ్ల నీళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది. అంత గట్టి మనిషి ఏడుస్తుంటే చూసి కంచం పక్కకు జరిపాను.

నాకు కోపం వచ్చింది. ఆ సాయంత్రమే సంఘం దగ్గర అందరి ముందు పాత మీటరును చిన్నమ్మ పాలలో వదిలాను. నిటారుగా నిలబడింది. "చూడండప్పా, నీళ్లు లేవు. మిషను చెప్పేది వెన్న సంగతి, నీళ్ల సంగతి కాదు. వెన్న తక్కువ కావడానికి నూరు కారణాలు ఉంటాయి" అన్నాను.

అందరూ మర్యాదగా విన్నారు. ఆ బావమరుదుల మాట అన్న పెద్దాయనే మొదట నోరు విప్పాడు. "ఆ గాజుబుడ్డి ఇన్నేండ్లూ కార్యదర్శి చెప్పినట్ల ఆడె. ఈ పొద్దు నువ్వు చెప్పినట్ల ఆడదా?"

"చక్కెర కలిపితే మీటరు లేచి నిలబడతాదంట, చిక్కబళ్లాపురంలో చెప్పుకుంటాండారు" అన్నాడు ఇంకొకడు.

ఎదురింటామె నా వైపు చూసి మెల్లగా అంది: "మీ చిన్నమ్మ గదప్పా. నా చిన్నమ్మ అయినా నేనూ అట్లే చెప్తా. నిన్ను తప్పు పట్టడంల్యా."

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. నీళ్ల నింద పోగొట్టబోయి చక్కెర నింద కూడా తెచ్చి పెట్టాను. మిషనుకు బంధువులు లేకపోవడం దాని బలం. నాకు చిన్నమ్మ ఉండటం నా బలహీనత. నేను ఏ భాషలో ఏం చెప్పినా ఆ మాటకు చుట్టరికం వాసన కొడుతూనే ఉంటుంది.

ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. పొద్దున చిన్నమ్మ పాలు పిండుతుంటే పక్కన కూర్చుని చూశాను. చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను గాని ఆ కంటితో ఎప్పుడూ చూడలేదు. ముందు దూడను రెండు గుక్కలు తాగనిచ్చి, ఆవు పాలు చేపగానే దూడను పక్కకు లాగి కట్టింది. ధార ధారగా పిండింది. పొదుగు ఇంకా మెత్తబడకముందే చేతులు ఆపి, లేచి, దూడ పలుపు విప్పేసింది. దూడ ఎగిరి వచ్చి పొదుగులో తల దూర్చి కుమ్ముతూ తాగింది.

"ఇంకా పాలున్నాయి కదా చిన్నమ్మా?"

"అది దూడ వాటా. ఆఖరి పాలు దూడవే. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టిన దినమే మా అత్త చెప్పె. దాని కడుపు కొట్టి మన కడుపు నింపుకుంటే నిలబడదని."

అప్పుడు నాకు తట్టింది. ఆఖరి పాలలోనే వెన్నంతా ఉంటుంది. మొదటి ధార పలచన, చివరి ధార చిక్కన. మిగతా వాళ్లంతా పొదుగు ఖాళీ అయ్యేదాకా పిండి, దూడకు గంజి పోస్తున్నారు. ఈమె వెన్నంతా దూడకు వదిలి, మిగిలింది సంఘానికి తీసుకెళ్తోంది. మిషను ఉన్నది ఉన్నట్టే చెప్పింది. పాపం దానికి ఒక్క అబద్ధమూ అంటదు.

దూడను లాగి పట్టుకుని ఆ చివరి పాలు చిన్న సీసాలోకి పిండించాను. మధ్యాహ్నం సంఘం గదిలో ఎవరూ లేనప్పుడు చిన్నమ్మను తీసుకుపోయి మిషను కింద పెట్టాను. అంకె ఏడు దాటి పోయింది. చిన్నమ్మ నోరు తెరిచి చూసింది.

"ఇప్పుడు అందరినీ పిలుద్దాం. ఆవును ఇక్కడికి తోలుకొస్తే, వాళ్ల ముందే మొదటి పాలు వేరే, ఆఖరి పాలు వేరే పిండి చూపిస్తాను" అన్నాను.

ఆమె ముఖం మాడిపోయింది. "నా ఆవును నడివీధిలో నిలబెట్టి సాక్షం చెప్పించాల్నా? నేనేమన్నా దొంగతనం చేసి పట్టుబడితినా? ఒక తూరి మీటరు పెట్టి చూపిస్తివి, అదే చాలు." ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. ఆ మొండితనం మా అమ్మకూ ఉంది, నాకూ ఉంది.

అందుకని నేనే ఇంకో దారి చెప్పాను. "కొన్నాళ్లు ఆఖరిదాకా పిండు చిన్నమ్మా. దూడకు రాగి గంజి పొయ్యి. అంకె దానంతట అదే లేస్తుంది. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. మిషనే చెప్తుంది."

ఆమె గడప వైపు చూస్తూ ఉండిపోయింది. "అట్లే కానీ" అంది చివరికి.

మళ్లీ నేను ఆ ఊరికి వెళ్లేసరికి రాగి కోతలు మొదలయ్యాయి. వీధి మలుపు తిరగకముందే దూడ అరుపు వినిపించింది. చిన్నమ్మ ఇంటి ముందు గుంజకు కట్టేసి ఉంది, డొక్కలు కనిపిస్తున్నాయి. దాని ముందు గంజి గిన్నె ఉంది. అది గంజిని ముట్టుకోకుండా కొట్టం వైపు చూసి అరుస్తోంది. సాయంత్రం పూట పాలకు చిన్నమ్మ వెంట నేనూ వెళ్లాను. ఆమె కొంగు తల మీద లేదు. వరసలో మధ్యలో నిలబడింది.

మిషను నాలుగు చూపించింది.

గదిలో చిన్న కదలిక. నేను లోలోపల ఎగిరి గంతేశాను. ఇదీ మనుషుల సంగతి తెలిసినవాడి పని అనుకున్నాను. ఎదురింటామె ముందుకు వచ్చి చిన్నమ్మ చేయి పట్టుకుంది. ఆమె ముఖంలో నిజంగా సంతోషమే ఉంది, ఎగతాళి లేదు.

"పోన్లేమ్మా. ఇప్పుడన్నా మానేస్తివి. తప్పు చేయనోళ్లు ఎవురుండారు? దిద్దుకునేది పెద్ద మనసు."

ఆ పెద్దాయన తల ఊపాడు. "మిషను వచ్చినాక ఊరే దారికొచ్చె" అన్నాడు. అందరూ అవునన్నారు. కార్యదర్శి బావమరిది చిన్నమ్మను చూసి, మనం మనం ఒకటే అన్నట్టు, నవ్వాడు.

నేను ఏదో అనబోయాను. చిన్నమ్మ నా మోచేయి గట్టిగా నొక్కింది. ఇంటికి వచ్చి దీపం పెట్టింది. కాసేపటికి గడప దగ్గర చప్పుడైంది. ఎదురింటామె గిన్నె పెట్టి వెళ్లిపోతోంది, తళతళా తోమిన చిన్న స్టీలు గిన్నె.

చిన్నమ్మ ఆ గిన్నెను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"ఇన్నినాళ్లూ ఇది రాలేదని ఏడిస్తిని" అంది. "అప్పుడు వాళ్లది ఉత్త అనుమానం నాయనా. ఈ పొద్దు నేనే ఒప్పుకున్నట్లయిపాయ. దూడ నోరు కట్టి, నీళ్లు పోసినాన్రా సామీ అని నా చేత్తో నేనే చెప్పుకున్నట్లయిపాయ."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. చాప వేసి పడుకోమంది. నాకు సిగ్గూ, కోపమూ, వాటన్నిటి కంటే అలసటా. ఆ మిషను వైరు పీకి చెరువులో పడేయాలనిపించింది. దాని మీద నాకు కోపం ఎందుకు? అది ఎవరి మీదా ఏమీ అనలేదు. చిన్న ఎర్ర అంకె చూపించింది. మిగతాదంతా మేమే అన్నాం.

పొద్దున నేను బండి తుడుచుకుంటుంటే చిన్నమ్మ పాలు పిండుతోంది. ముందు ఎదురింటి గిన్నెలోకి పిండింది, నిండుగా. దాన్ని తీసుకొచ్చి గడప మీద పెట్టి, మూత పెట్టింది. మళ్లీ కూర్చుని క్యానులోకి పిండింది. కొంతసేపటికి చేతులు ఆపేసింది. లేచి గుంజ దగ్గరకు వెళ్లి దూడ పలుపు విప్పింది. దూడ ఒక్క క్షణం నమ్మనట్టు నిలబడి, తర్వాత ఉరికింది.

"చిన్నమ్మా, అంకె మళ్లీ పడిపోతుంది" అన్నాను.

"పడనీ. దూడ తాగిండేది నాకు తెలుసు, దానికి తెలుసు. ఆ మిషనుకి దూడ యాడ కనపడతాది?"

క్యాను ఎత్తుకుని సంఘానికి పోయింది. నేనూ వెనకాలే వెళ్లాను. మూడుకు దిగువ చూపించింది. వరసలో వెనక నుంచి "మళ్లా మొదలుపెట్టినట్లుండాది" అని ఎవరో అన్నారు, గొంతు తగ్గించకుండానే. ఎదురింటామె చిన్నమ్మ ముఖం వైపు చూడలేదు, ఎర్ర అంకె వైపు చూసి తల తిప్పుకుంది. చిన్నమ్మ చీటీ తీసుకుంది. కళ్లకద్దుకోలేదు. నలిపి క్యానులో వేసుకుంది.

ఇంటికి వచ్చేసరికి గడప మీద గిన్నె అలాగే ఉంది. చిన్నమ్మ పొయ్యి దగ్గరకు పోయింది, పెరడు ఊడ్చింది, ఆవుకు నీళ్లు పెట్టింది. ఆ పనుల మధ్య మధ్యలో వచ్చి మూత తీసి చూసి మళ్లీ పెట్టేది. నేను బాగేపల్లికి పోవాలి, అయినా కదలబుద్ధి కాలేదు. ఎండ గడప మీదికి వచ్చింది. చిన్నమ్మ గిన్నెను నీడకు జరిపింది. ఎదురింటి తలుపు సగం తెరిచే ఉంది, ఎవరూ బయటికి రాలేదు. మధ్యాహ్నం దాటాక ఆ గిన్నె తీసుకెళ్లి దూడ ముందు పెట్టింది. ఎదురింట్లో బిడ్డ ఏడుస్తూనే ఉంది.